కొత్త ఇంట పాలు పొంగించే ముందు
(గృహప్రవేశానికి సన్నాహాలు - సింగపూర్ వాసులకు కొన్ని సూచనలు)

శ్రావణమాసం వస్తున్నదంటే మన సభ్యుల ఇళ్ళలో రెండు రకాల సందడి మొదలవుతుంది. ఒకటి వరలక్ష్మీ వ్రతం, రెండవది గృహప్రవేశాలు. ఏళ్ళ తరబడి అద్దె ఇళ్ళలో ఉండి, మొదటిసారిగా సొంత ఇంటి తాళం చెవులు చేతికందుకునే కుటుంబాలు ఆలయానికి వచ్చి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకే విధంగా ఉంటాయి. ముహూర్తం ఇండియా టైము చూడాలా, ఇక్కడి టైము చూడాలా? రెనొవేషన్ ముందా, గృహప్రవేశం ముందా? ఫ్లాటులో హోమం చేయవచ్చా? విదేశంలో వైద్యం చదివి ఇక్కడ ప్రాక్టీసు చేస్తున్న మాకు ఇంకొక ప్రశ్న కూడా వినబడుతూ ఉంటుంది: "కొత్త ఇంటికి మారినప్పటి నుంచి పిల్లవాడికి దగ్గు తగ్గడం లేదండీ, ఎందుకు?" శాస్త్రాన్నీ ఆరోగ్యాన్నీ కలిపి ఈ విషయాలను వరుసగా తెలుసుకుందాం.

గృహప్రవేశం మూడు విధాలు

మన పెద్దలు గృహప్రవేశాన్ని మూడు విధాలుగా చెప్పారు. కొత్తగా కట్టిన ఇంట్లో మొదటిసారి ప్రవేశించడం అపూర్వం. యాత్రల వల్లనో, పరదేశవాసం వల్లనో విడిచిన ఇంటికి తిరిగి రావడం సపూర్వం. మరమ్మతులు జరిగిన ఇంట్లో మళ్ళీ ప్రవేశించడం ద్వంద్వం. ముహూర్త నియమాలు ఎక్కువగా అపూర్వానికే వర్తిస్తాయి. ఈ మూడు మాటలను గుర్తుంచుకోండి. సింగపూర్‌లో వచ్చే పెద్ద చిక్కుముడి వీటితోనే విడిపోతుంది.

అలాగే తలుపులు లేని ఇంట్లో, పైకప్పు లేని ఇంట్లో, వాస్తుపూజ, బలి, భోజనాలు జరగని ఇంట్లో నివాసం ఉండరాదని కూడా చెప్పారు. ఇందులో ఎక్కడా అల్మారాలు, మాడ్యులర్ కిచెను పూర్తి కావాలని లేదు!

ముహూర్తం లెక్క

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఇది. భారతదేశ కాలమానానికి, సింగపూర్ కాలమానానికి తేడా రెండున్నర గంటలు. కానీ పంచాంగంలోని అన్ని అంశాలకూ రెండున్నర గంటలు కలిపితే సరిపోదు.

తిథి, నక్షత్రం, వర్జ్యం - ఇవి చంద్రుని గమనాన్ని బట్టి వచ్చేవి. ప్రపంచమంతటా ఒకే క్షణంలో మారతాయి. తెలుగు పంచాంగంలో తిథి ఉదయం 9.10 వరకు అని ఉంటే ఇక్కడ 11.40 వరకు అన్నమాట. వీటికి రెండున్నర గంటలు కలపడం సరైనదే.

రాహుకాలం, దుర్ముహూర్తం - ఇవి స్థానిక సూర్యోదయాన్ని బట్టి వచ్చేవి. సింగపూర్ భూమధ్యరేఖకు దగ్గరగా ఉండడం వల్ల సూర్యోదయం ఏడాది పొడవునా సుమారు 6.45, 7.15 మధ్యనే ఉంటుంది. ఈ ఊరి రేఖాంశం ప్రకారం గడియారం గ్రీనిచ్ కంటే 6 గంటల 55 నిమిషాలు ముందుండాలి. అయితే 1982 జనవరి 1 నుంచి 8 గంటలు ముందుంచారు. అందుకే ఇక్కడ పొద్దు "ఆలస్యంగా" పొడుస్తుంది. సూర్యోదయం ఆరు గంటలకని భావించి క్యాలెండర్లలో వేసే రాహుకాలం ఇక్కడ సుమారు గంట ముందుకు జరుగుతుంది. శుక్రవారం రాహుకాలం 10.30 నుంచి 12 అని మనకు కంఠతా వచ్చు. సింగపూర్‌లో అది దాదాపు 11.30 నుంచి 1 గంట వరకు. దానికే రెండున్నర గంటలు కలిపితే మధ్యాహ్నం 1 నుంచి 2.30 అని వస్తుంది, అది తప్పు.

లగ్నం - ఇది పూర్తిగా స్థలాన్ని బట్టి మారుతుంది. ఊరి నుంచి పెద్దలు ఫోనులో చెప్పిన లగ్నాన్ని అలాగే వాడకండి. సింగపూర్ అక్షాంశ రేఖాంశాలతో లెక్క వేయమని పురోహితులను కోరండి.

మాసాల విషయానికి వస్తే వైశాఖం, శ్రావణం, మాఘం, ఫాల్గుణం సాధారణంగా గ్రాహ్యం. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మూఢాలు వదిలేస్తారు. ఒక చిన్న విశేషం: మనం శుభకార్యాలకు ఎంచుకునే శ్రావణమే, అధికమాసాలు అడ్డురాని ఏడాదిలో, చీనా వారి ఏడవ చాంద్రమాసం. అది వారికి పితృదేవతల మాసం కనుక చాలామంది ఆ నెలలో ఇల్లు మారరు.

ఏది ముందు?

హెచ్‌డీబీ 1960 ఫిబ్రవరి 1న ఏర్పడింది. ముందుగా బుక్ చేసుకుంటే కట్టి ఇచ్చే బీటీఓ పద్ధతి 2001లో వచ్చింది. ఈ పద్ధతిలో ఏళ్ళ తరబడి ఎదురుచూశాక ఒక రోజు తాళం చెవులు వస్తాయి. అప్పటి నుంచి వడ్రంగం, రంగులు, కరెంటు పని. కొత్త ఫ్లాటుకు రెనొవేషన్ పర్మిట్ గడువు మూడు నెలలు. చప్పుడు చేసే పనులు సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం 9 నుంచి సాయంత్రం 5 లోపే చేయాలి. పర్మిట్ ఉన్నా పని అనుకున్న తేదీకి పూర్తవుతుందన్న హామీ లేదు. ముహూర్తమేమో ముందే పెట్టేశారు, ఊరి నుంచి తల్లిదండ్రులు టికెట్లు కొనుక్కున్నారు. కాంట్రాక్టరును తొందరపెట్టి, రంగు ఆరని ఇంట్లో పాలు పొంగించి, ఆ రాత్రే పసిపిల్లలతో పడుకునేవారు ఎందరో.

మా ఇంటి విషయంలోనూ ఇదే సమస్య వచ్చింది. మా చిన్నవాడికి ఉబ్బసం. మా అమ్మగారేమో గృహప్రవేశమైన రాత్రి ఇంట్లో నిద్ర చేయకుండా తాళం వేయడం మంచిది కాదంటారు. ఇద్దరినీ కాదనలేము. పురోహితులను అడిగితే ఆయన చెప్పినది ఇది: తాళం చెవులు వచ్చిననాడు ఫ్లాటుకు కప్పు ఉంది, వీధి తలుపు ఉంది, నీళ్ళున్నాయి. అపూర్వ గృహప్రవేశం అప్పుడే చేసుకోండి, రాత్రి చాపలు పరుచుకుని నిద్ర చేయండి. రెనొవేషన్ పూర్తయ్యాక మంచి రోజు చూసి, ద్వంద్వంగా భావించి, చిన్న పూజతో కాపురం మార్చుకోండి. అలాగే చేశాం. ఖాళీ ఇంట్లో, ప్లైవుడ్ వాసన లేని గదిలో, అందరం వరుసగా పడుకున్నాం. పని జరిగిన రోజుల్లో వీలైన సాయంత్రాలు వెళ్ళి దీపం పెట్టి, అది కొండెక్కేదాకా ఉండి వచ్చాం. మా అమ్మగారి మనసూ నిలిచింది, పిల్లవాడి ఊపిరీ నిలిచింది. సంప్రదాయాలు ఇంటింటికీ మారతాయి కనుక మీ పురోహితులను, పెద్దలను సంప్రదించే నిర్ణయించుకోండి.

తాళం చెవులు అందిన వెంటనే

1. కాంట్రాక్టరు అడుగు పెట్టకముందే ఇల్లంతా పరీక్షించండి. పలకలను నాణెంతో తట్టి చూడండి, డొల్ల శబ్దం వస్తే గుర్తు పెట్టండి. స్నానాల గదిలో నీళ్ళు పోసి, తూము వైపు పారుతున్నాయో లేదో చూడండి. కిటికీలు, కుళాయిలు, స్విచ్చులు అన్నీ చూడండి. లోపాల బాధ్యతా కాలం తాళం చెవులు తీసుకున్న రోజు నుంచి ఒక సంవత్సరం. పని మొదలైన తరువాత ఏ పగులు ఎవరిదో తేల్చడం కష్టం.

2. కొత్త ఫ్లాటులో స్నానాల గదుల నేల, గోడల పలకలను మొదటి మూడేళ్ళు పగలగొట్టరాదు. కింద నీరు దిగకుండా వేసిన పొర దెబ్బతింటుంది. వాస్తు పేరుతో గోడలు కదిపే ముందు అనుమతి తప్పనిసరి.

3. ఇంటిలోని షెల్టర్ గదిని కొందరు పూజగదిగా చేసుకుంటున్నారు. దాని గోడలు, ఇనుప తలుపు మార్చరాదు, గాలి రంధ్రాలు మూయరాదు. అందులో తలుపు వేసి దీపం, కర్పూరం వెలిగించడం ప్రమాదం. వెలిగించదలిస్తే తలుపు పూర్తిగా తెరిచి, మనిషి దగ్గర ఉండాలి.

4. హెచ్‌డీబీ రుణం తీసుకున్నవారికి అగ్నిప్రమాద బీమా తప్పనిసరి. అయితే అది మీ సామాన్లకు, రెనొవేషన్‌కు వర్తించదు. వాటికి వేరే బీమా ఉండాలి.

కొత్త ఇంటి వాసన - వైద్యుని మాట

ప్లైవుడ్, లామినేట్, జిగురు, వార్నిష్, రంగుల నుంచి ఫార్మాల్డిహైడ్ మొదలైన ఆవిర్లు వస్తాయి. కళ్ళు మండడం, గొంతు గరగర, పొడి దగ్గు, తలనొప్పి, ఉబ్బసం ఉన్నవారిలో ఆయాసం కలుగుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దీనిని మానవులలో క్యాన్సర్ కలిగించే పదార్థంగా నిర్ధారించింది. భయపడవలసిన పని లేదు కానీ జాగ్రత్త అవసరం. వేడి, తేమ ఎక్కువైన కొద్దీ ఆవిర్లు పెరుగుతాయి, సింగపూర్‌లో ఆ రెండింటికీ కొదవ లేదు. ఇంటి లోపలి రంగులలో ఫార్మాల్డిహైడ్‌ను 2026 జనవరి 1 నుంచి ఇక్కడ చట్టం కట్టడి చేసింది. ఆ నిబంధన రంగులకే, అల్మారాల చెక్కకు కాదు. కనుక తక్కువ ఆవిర్లు వచ్చే చెక్క కావాలని కాంట్రాక్టరును ముందే అడిగి, కాగితం మీద రాయించుకోండి.

పని పూర్తయ్యాక కనీసం మూడు, నాలుగు వారాలు కిటికీలు, అల్మారా తలుపులు, సొరుగులు తెరిచి ఉంచమని మా సలహా. ఏసీ వేస్తే సరిపోదు. అది గదిలోని గాలినే మళ్ళీ తిప్పుతుంది తప్ప బయటి గాలిని తేదు. సాంబ్రాణి, అగరువత్తులు వాసనను కప్పివేస్తాయే కానీ ఆవిరిని పోగొట్టవు, పైగా పొగను చేరుస్తాయి. గర్భిణులు, పసిపిల్లలు, ఉబ్బసం ఉన్నవారు చెక్కపని తక్కువగా ఉన్న గదిలో పడుకోవాలి.

కొత్త అల్మారాలో కలరా ఉండలు వేయడం మనకు అలవాటు. జీ6పీడీ లోపం ఉన్నవారిలో, ముఖ్యంగా పసికందులలో, వాటి వల్ల రక్తకణాలు చితికిపోయి తీవ్రమైన కామెర్లు రావచ్చు. సింగపూర్‌లో పుట్టిన పిల్లలకు 1965 నుంచి ఈ పరీక్ష చేస్తున్నారు. ఇండియాలో పుట్టిన మనలో చాలామందికి ఆ లోపం ఉన్నదీ లేనిదీ తెలియదు. ఉండలు మానేయడమే ఉత్తమం. పూజ కర్పూరం కూడా పిల్లలకు అందనివ్వకండి. మింగితే కొద్ది నిమిషాలలోనే ఫిట్స్ రావచ్చు.

ఖాళీ ఇల్లు దోమలకు పుట్టిల్లు. 2020లో సింగపూర్‌లో 35 వేలకు పైగా డెంగీ కేసులు నమోదయ్యాయి. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం రోజులు చాలు. తాళం చెవులు వచ్చాక కాపురం మారేదాకా వారానికి ఒకసారి వెళ్ళి టాయిలెట్లు ఫ్లష్ చేసి మూత వేయండి, నేల తూములు మూయండి, పనివాళ్ళు వదిలిన బకెట్లు బోర్లించండి.

ఆ శుభదినాన

గడపకు పసుపు కుంకుమ, మామిడాకుల తోరణం, గణపతి పూజ, పుణ్యాహవాచనం, వాస్తుపూజ, పాలు పొంగించడం, పరమాన్నం, వీలైతే సత్యనారాయణ వ్రతం - క్రమం పురోహితులు చెబుతారు. మనం చూసుకోవలసినవి ఇవి:

గోవును ఫ్లాటుకు తేలేము కనుక వెండి లేక ఇత్తడి గోవత్స ప్రతిమను ముందుగా ప్రవేశపెట్టవచ్చు. కరెంటు, నీళ్ళ ఖాతా ముందే తెరిపించండి. డబ్బా గ్యాసు పొయ్యి మీద పాలు పొంగిస్తే గిన్నె డబ్బా మీదికి వ్యాపించనంత చిన్నదిగా ఉండాలి. హోమకుండం కింద ఇటుకలు, వాటిపై ఇసుక లేకపోతే పలకలు పగులుతాయి. 2018 జూన్ 1 నుంచి కొత్త ఇళ్ళలో పొగను పసిగట్టి మోగే పరికరం తప్పనిసరి కనుక హోమం చిన్నదిగా, కిటికీలు తెరిచి, కుండం దానికి దూరంగా పెట్టి చేయండి. దాన్ని తాత్కాలికంగా తీయవలసి వస్తే, తిరిగి బిగించే బాధ్యత ఒకరికి ముందే అప్పగించండి. గుమ్మడికాయ కొట్టిన వెంటనే కారిడారు తుడవండి, పెద్దవారు జారిపడతారు. చెప్పులు, కుర్చీలు ఎన్ని పెట్టినా నడవడానికి 1.2 మీటర్ల దారి వదలాలి.

ముందు రోజే పక్కింటి వారికి ఒక మాట చెప్పండి. చీనా వారు కొత్త ఇంట్లోకి అనాసపండును దొర్లిస్తారు, వారి భాషలో ఆ పండు పేరు "శుభం రావాలి" అన్నట్లు వినబడుతుంది. మలయులు ప్రార్థన చేసి బంధుమిత్రులకు భోజనం పెడతారు. కనుక మన పొగ, మన మంత్రాలు వారికి వింత కావు, చెప్పకుండా చేస్తేనే ఇబ్బంది. ఒక డబ్బాలో పరమాన్నం పంపితే ఇరుగుపొరుగు బంధం అక్కడే మొదలవుతుంది.

ఈ పండుగల కాలంలో కొత్త ఇంట అడుగు పెడుతున్న సభ్యులందరికీ మా శుభాకాంక్షలు. గడపకు పసుపు రాసే చేతితోనే కిటికీ కూడా తెరవండి. లక్ష్మీదేవి గడప దాటి వస్తుంది, ఆరోగ్యం కిటికీలోంచి వస్తుంది.

శుభమస్తు.