ఇంట్లో నాస్ కొనే ముందు: పెట్టె కన్నా డిస్కు ముఖ్యం

2021 జూన్ 1 నుంచి గూగుల్ ఫొటోస్ ఉచిత అపరిమిత నిల్వను ఆపేసింది. అంతవరకు లెక్క లేకుండా దాచుకునేవారు ఆ తర్వాత ఎక్కించే పెళ్లి ఫొటోలు, పిల్లల వీడియోలు 15 జీబీ హద్దులోకి వచ్చాయి. హద్దు దాటితే నెలనెలా చందా కట్టాలి. లేదంటే పెన్‌డ్రైవుల్లోకి, పాత ల్యాప్‌టాప్‌లోకి సర్దాలి. ఈ రెండూ నచ్చనివారు చూస్తున్న మూడో దారి నాస్. నెట్‌వర్క్ అటాచ్డ్ స్టోరేజ్ అనే మాటకు ఇది పొట్టి పేరు. హార్డ్ డిస్కులు బిగించిన చిన్న కంప్యూటర్ ఇది. కేబుల్‌తో వైఫై రౌటర్‌కు కలిపితే ఇంట్లోని ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, టీవీ అన్నీ దానిలో దాచుకోవచ్చు, దాచినవి చూసుకోవచ్చు.

దుకాణంలో ప్రాసెసర్ గురించి, ర్యామ్ గురించి చాలా చెబుతారు. ఫొటోలు దాచుకునే కుటుంబానికి అవి అంత ముఖ్యం కాదు. కొనేవారు అడగాల్సిన మొదటి ప్రశ్న వేరు: డిస్కు చెడిపోయిన రోజు ఏమవుతుంది?

చెడిపోవడం ఖాయం కాబట్టే ఈ ప్రశ్న. నిమిషానికి 5,400 సార్లు తిరిగే డిస్కు అంటే సెకనుకు 90 చుట్లు. పళ్లెం అంచు గంటకు సుమారు 95 కిలోమీటర్ల వేగంతో కదులుతుంటే, దాన్ని చదివే హెడ్ కొద్ది నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది. నాస్‌లో ఇది రాత్రీ పగలూ సాగాలి. అలాంటి యంత్రం కొన్నేళ్లు పనిచేయడమే గొప్ప.

డిస్కు పోయినా డేటా నిలవడానికి వాడే పద్ధతి రెయిడ్. 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీకి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ తమ పరిశోధన పత్రంలో దీనికి ఆ పేరు పెట్టారు. రెండు డిస్కులుంటే ఒకదానిలో రాసిందే రెండోదానిలోనూ రాస్తారు. 4 టీబీ డిస్కులు రెండు కొన్నా వాడుకోగలిగేది 4 టీబీయే. (కంప్యూటర్ దాన్ని 3.6 అని చూపిస్తే దుకాణదారుడిని అనుమానించనక్కర్లేదు. తయారీదారు వెయ్యితో లెక్కిస్తాడు, కంప్యూటర్ 1,024తో.)

మూడు డిస్కులుంటే తెలివైన లెక్క ఒకటి ఉంది. మొదటి రెండింటిలోని బిట్లు ఒకటే అయితే మూడోదానిలో 0, వేరైతే 1 రాస్తారు. మొదటిదానిలో 1, రెండోదానిలో 0 ఉన్నాయనుకుందాం. మూడోదానిలో 1 వస్తుంది. ఇప్పుడు రెండో డిస్కు చెడిపోయింది. మిగిలిన రెండింటిలోనూ 1 ఉంది, అంటే ఒకటే కాబట్టి పోయిన బిట్ 0. నిజానికి ఈ లెక్కను ఒకే డిస్కులో ఉంచకుండా మూడింటికీ పంచి రాస్తారు. మూడింటిలో ఏ ఒక్కటి పోయినా మిగతా రెండూ దాన్ని తిరిగి చెప్పగలవు. అయినా సాధారణ కుటుంబానికి రెండు డిస్కుల పెట్టె చాలు. నాలుగు అరల పెట్టె వీడియోలు తీసే వృత్తిలో ఉన్నవారికి పనికొస్తుంది.

డిస్కుల ఎంపికలోనే చాలామంది తప్పటడుగు వేస్తారు. ఒకే 4 టీబీ అని రాసి ఉన్న డిస్కులు లోపల రెండు రకాలుగా ఉండొచ్చు. సీఎంఆర్ రకంలో డేటా వరుసలు పక్కపక్కనే, ఒకదాన్నొకటి తాకకుండా ఉంటాయి. ఎస్ఎంఆర్ రకంలో పెంకుటింటి కప్పులా ఒక వరుస మీదికి ఇంకో వరుస కొంత ఎక్కుతుంది. రాసే హెడ్‌కు వెడల్పైన వరుస కావాలి కానీ, చదివే హెడ్‌కు సన్నని చీలిక చాలు. అందుకే ఇలా ఇరికించి అదే పళ్లెంలో ఎక్కువ డేటా పట్టిస్తారు. చిక్కంతా మార్చాల్సి వచ్చినప్పుడే. కింది పెంకు ఒకటి మార్చాలంటే దాని మీద ఎక్కిన పెంకులన్నీ తీసి మళ్లీ పేర్చినట్టే, ఒక వరుస తిరగరాస్తే దాని పక్క వరుసల గుంపును కూడా తిరగరాయాలి.

అప్పుడప్పుడు నాలుగు ఫొటోలు కాపీ చేస్తే ఈ తేడా తెలియదు. డిస్కు తీరికగా ఉన్నప్పుడు సర్దుకుంటుంది. చెడిన డిస్కు స్థానంలో కొత్తది పెట్టి నింపాల్సిన రోజు తీరిక ఉండదు. సెకనుకు 150 ఎంబీ వేగంతో రాసినా 4 టీబీ నిండడానికి దాదాపు ఏడున్నర గంటలు. ఎస్ఎంఆర్ డిస్కు మధ్యలో ఊపిరాడక రోజుల తరబడి సాగదీయవచ్చు, నాస్ దాన్ని చెడిన డిస్కు కింద జమకట్టి బయటికి నెట్టేయనూ వచ్చు. ఆ సమయమంతా మీ ఫొటోలు మిగిలిన ఒక్క పాత డిస్కు మీదే ఆధారపడి ఉంటాయి. నాస్ కోసమని అమ్మిన రెడ్ శ్రేణిలో 2 నుంచి 6 టీబీ డిస్కులు కొన్ని ఎస్ఎంఆర్ రకమని వెస్టర్న్ డిజిటల్ సంస్థ 2020 ఏప్రిల్‌లో ఒప్పుకోవాల్సి వచ్చింది. తర్వాత సీఎంఆర్ డిస్కులను రెడ్ ప్లస్ పేరుతో విడిగా అమ్మసాగింది. కాబట్టి పెట్టె మీది బొమ్మ చూసి కొనకుండా, మోడల్ సంఖ్యతో కంపెనీ స్పెసిఫికేషన్ పత్రంలో సీఎంఆర్ అని ఉందో లేదో చూడాలి.

రెండు డిస్కులనూ ఒకే రోజు, ఒకే పెట్టెలోంచి కొనకపోవడం మేలు. ఒకే విడతలో తయారైనవి ఒకే వయసులో జబ్బు పడే అవకాశం ఎక్కువ.

మన ఇళ్లలో ఇంకో రెండు శత్రువులున్నాయి: కరెంటు కోత, ఎండ. రాస్తుండగా కరెంటు పోతే ఫైలు సగంలో ఆగుతుంది. దానితో పాటు ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక కూడా దెబ్బతినవచ్చు. ఇన్వర్టర్ ఉన్నా, యూఎస్‌బీ తీగతో నాస్‌కు కబురు పంపగల చిన్న యూపీఎస్ పెట్టుకోవాలి. బ్యాటరీ అయిపోబోతోందని అది చెప్పగానే నాస్ పని ముగించుకుని తనంతట తానే ఆగిపోతుంది. ఇక ఎండ. చాలా ఇంటి నాస్‌లకు కంపెనీలు చెప్పే గరిష్ఠ గది ఉష్ణోగ్రత 40 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం రామగుండంలో అటక మీద అంతకు మించి ఉంటుంది. గాలి ఆడే చోట, నేలకు కాస్త పైన, గోడకు జానెడు ఎడంగా పెట్టాలి. 20 వాట్ల నాస్ ఏడాదంతా నడిస్తే సుమారు 175 యూనిట్ల కరెంటు అవుతుంది. కొనే ధరతో పాటు ఇదీ లెక్కేసుకోవాల్సిందే.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా రెయిడ్ బ్యాకప్ కాదు. మనవడు పొరపాటున ఒక ఫోల్డర్ చెరిపేస్తే రెండు డిస్కుల్లోనూ అదే క్షణంలో చెరిగిపోతుంది. దొంగతనం, పిడుగుపాటు, అగ్నిప్రమాదం రెండు డిస్కులకీ ఒకేసారి వస్తాయి. చెరిగిన ఫైలుకు స్నాప్‌షాట్ అనే సదుపాయం విరుగుడు. నిన్నటి, మొన్నటి స్థితిని అది గుర్తుంచుకుంటుంది. కొనేటప్పుడు ఆ సదుపాయం ఉందో లేదో తప్పక అడగాలి. మిగతా ప్రమాదాలకు మూడు ప్రతులు, రెండు రకాల పరికరాలు, ఒకటి ఇంటికి దూరంగా అనే సూత్రం ఉంది. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. ఆచరణలో అంటే యూఎస్‌బీ డిస్కులో ఒక ప్రతి తీసి, పాస్‌వర్డ్‌తో తాళం వేసి, ఊళ్లోని అక్క ఇంట్లో ఉంచి పండక్కి వెళ్లినప్పుడల్లా కొత్తవి చేర్చడం. చవకైన నాస్, దానితో పాటు ఇలాంటి డిస్కు ఒకటి కొనడం, డబ్బంతా ఖరీదైన నాస్ మీదే పెట్టడం కన్నా తెలివైన పని.

ఊరికి వెళ్లినా ఫొటోలు చూడాలని నాస్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచిపెట్టడం ప్రమాదం. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ అలా తెరిచి ఉన్న క్యూనాప్ నాస్‌లలో చొరబడి, ఫైళ్లకు తాళం వేసి బిట్‌కాయిన్లు అడిగింది. బయటి నుంచి చూడాలంటే వీపీఎన్ ద్వారానే వెళ్లాలి. కొత్త మోడల్ కొనేటప్పుడు ఆ కంపెనీ ఎన్నేళ్లు సాఫ్ట్‌వేర్ మరమ్మతులు ఇస్తుందో కనుక్కోవాలి.

నాస్ ఇంటికి వచ్చాక మొదటి వారంలో అసలు ఫొటోలు ఎక్కించకుండా, పనికిరాని ఫైళ్లు కొన్ని వేసి చూడాలి. నడుస్తుండగా డిస్కు తీయవచ్చని మాన్యువల్‌లో ఉంటే ఒక డిస్కు బయటికి లాగాలి. నాస్ కూత పెట్టిందా, ఫోనుకు కబురు వచ్చిందా, ఫైళ్లు ఇంకా తెరుచుకుంటున్నాయా గమనించి, డిస్కు మళ్లీ పెట్టి అది నిండడానికి ఎన్ని గంటలు పట్టిందో కాగితం మీద రాసిపెట్టుకోవాలి.