గెల్డింగ్ అంటే ఏ గుర్రం?

ప్రశ్న: మలక్‌పేట రేసుల్లో కొన్ని గుర్రాలను గెల్డింగ్ అంటారు. అది జాతి పేరా?

జవాబు: కాదు. వృషణాలు తీసేసిన మగ గుర్రం పేరది. పాత నార్స్ భాష నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చి, రేసుల వెంట తెలుగువారికీ అలవాటైంది.

ప్రశ్న: వృషణాలు ఎందుకు తీయిస్తారు? పరుగు తగ్గదా?

జవాబు: వృషణాల్లో తయారయ్యే టెస్టోస్టిరాన్ వల్ల మగ గుర్రానికి దూకుడెక్కువ. ఆడ గుర్రం వాసన తగిలితే సకిలిస్తూ ముందుకాళ్లు పైకెత్తుతుంది, కళ్లెం పట్టినవారికి అదుపు కాదు. సిథియన్లు ఈ కారణంగానే గుర్రాలకు వృషణాలు తీసేవారని గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో రాశాడు. పరుగుకు వచ్చే లోటేమీ లేదు. 1930లో మెల్‌బోర్న్ కప్ గెలిచిన ఫార్ లాప్ గెల్డింగే. కాకపోతే సంతానం ఉండదు. అందుకే మేలుజాతి తండ్రులను ఎంచుకునే ఎప్సమ్ డెర్బీలో గెల్డింగ్‌లకు చోటు లేదు.

ప్రశ్న: ఏడాదిన్నర మగ పిల్లకు ఈ ఆపరేషన్ ఎలా చేస్తారు?

జవాబు: వయసు సరైనదే. సాధారణంగా ఆరు నెలలకూ రెండేళ్లకూ మధ్య చేస్తారు. పశువైద్యుడు ముందు రెండు వృషణాలూ సంచిలోకి దిగాయా అని తడిమి చూస్తారు. ఒకటి కడుపులో ఉండిపోతే దాన్నీ వెతికి తీయాల్సిందే. కనబడిన ఒక్కటే తీసి వదిలేస్తే దూకుడు పోదు. మత్తిచ్చి, చర్మం కోసి, వృషణానికి రక్తం తెచ్చే నాళాలను ఎమాస్క్యులేటర్ అనే పనిముట్టుతో నలిపి తెంచుతారు. నలగడం వల్లే రక్తం ఆగుతుంది. లోపల చేరే నీరు కారిపోవాలని చాలాసార్లు గాయానికి కుట్లు వేయరు. కోడెలకు విత్తులు కొట్టినట్టు మత్తు లేకుండా నాటు పద్ధతిలో చేయించడం క్రూరం, ప్రాణాపాయం కూడా.

ధనుర్వాతానికి గుర్రం త్వరగా లొంగుతుంది కాబట్టి ఆ టీకా తప్పనిసరి. వైద్యుడు చెప్పిన రోజు నుంచి గుర్రాన్ని రోజూ నడిపించాలి, కట్టేసి ఉంచితే వాపు పెరుగుతుంది. మొదట్లో చుక్కలుగా రక్తం పడటం మామూలే. ధార కట్టినా, గాయంలోంచి పేగు కనిపించినా క్షణం ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి పిలవాలి.

ప్రశ్న: తర్వాత ఆడ గుర్రాలతో కలిపి వదలొచ్చా?

జవాబు: వెంటనే వద్దు. నాళాల్లో మిగిలిన వీర్యకణాలతో ఆడ గుర్రం చూలు కట్టే అవకాశం ఉంది. నెలకు పైగా విడిగా ఉంచడం మంచిది. దూకుడు మెల్లగా తగ్గుతుంది. జత కట్టడం అలవాటైన పెద్ద గుర్రాల్లో మాత్రం పాత ప్రవర్తన కొంత మిగిలిపోవచ్చు.