బి.పి. గ్రాఫు చూసే ముందు స్కేలు చూడండి

ఇప్పుడు చాలా ఇళ్ళలో బి.పి. మిషను ఉంటోంది. ఉదయం, సాయంత్రం చూసుకున్న అంకెలను నోటుపుస్తకంలో రాసుకోవడం మంచి అలవాటు. కొన్ని కుటుంబాలలో కొడుకో, కూతురో ఆ అంకెలను కంప్యూటరులో ఎక్కించి, ఎక్సెల్‌లో గ్రాఫు తయారుచేసి ఇస్తున్నారు. ఇది కూడా మంచిదే. అయితే గ్రాఫులో గీత బాగా కిందికి దిగింది కదా అని "ఇక మాత్ర అక్కరలేదు" అనుకుంటే ప్రమాదం. గీత ఎంత ఏటవాలుగా కనబడుతుందనేది గ్రాఫు పక్కన వేసిన స్కేలును బట్టి కూడా మారుతుంది. ఆ సంగతి ఈ పాఠంలో తెలుసుకుందాం.

స్కేలు అంటే ఏమిటి?

పదో తరగతి పిల్లలు గ్రాఫు పేపరు మీద ఒక మూల "స్కేలు: 1 సెం.మీ. = 10 యూనిట్లు" అని రాస్తారు. ఒక సెంటీమీటరు ఎంత విలువకు సమానమో అది చెబుతుంది. గ్రాఫులో ఎడమవైపు నిలువుగా ఉండే గీతను వై-అక్షం అంటారు. బి.పి. అంకెలు ఈ గీత పక్కన ఉంటాయి. తేదీలు కింద అడ్డంగా ఉండే ఎక్స్-అక్షం మీద ఉంటాయి. చేత్తో గీసేటప్పుడు స్కేలు మనమే నిర్ణయిస్తాం. కంప్యూటరులో అయితే, మనం చెప్పకపోతే అదే నిర్ణయించుకుంటుంది. చిక్కు ఇక్కడే వస్తుంది.

ఒకే బి.పి., రెండు గ్రాఫులు

ఒక పెద్దాయన పై బి.పి. ఏడు రోజులు ఇలా ఉందనుకోండి: 138, 136, 139, 135, 134, 132, 131. ఎక్సెల్‌లో ఈ ఒక్క వరుసతో గీత గీస్తే నిలువు స్కేలు సున్నా నుండి మొదలవదు. సుమారు 125 దగ్గర మొదలై 140 దగ్గర ముగుస్తుంది. గ్రాఫు ఎత్తు 9 సెం.మీ. ఉంటే, 138 నుండి 131కి వచ్చిన 7 పాయింట్ల తగ్గుదల 4 సెం.మీ. పైగా కనబడుతుంది. కొండ మీద నుండి దిగినట్లు ఉంటుంది.

ఇప్పుడు అదే గ్రాఫులో కింది బి.పి. కూడా చేర్చండి. అది 84, 88 మధ్య ఉందనుకుందాం. వెంటనే స్కేలు మారిపోయి, సున్నా నుండి 160 వరకు వస్తుంది. అదే 7 పాయింట్ల తగ్గుదల ఇప్పుడు 4 మిల్లీమీటర్లే. గీత దాదాపు చదునుగా కనబడుతుంది. పెద్దాయన బి.పి.లో ఏ మార్పూ లేదు. మారింది స్కేలు మాత్రమే.

దీనికి కారణం ఎక్సెల్‌లో ఉన్న ఒక లెక్క. అన్నిటికంటే పెద్ద అంకెకు, చిన్న అంకెకు మధ్య తేడా ఆ పెద్ద అంకెలో ఆరో వంతు కంటే ఎక్కువైతే స్కేలు సున్నా నుండి మొదలవుతుంది. తక్కువైతే చిన్న అంకెకు కొంచెం కింద నుండి మొదలవుతుంది. ఈ లెక్కకు మీ జబ్బు సంగతి తెలియదు. ఒకే మనిషికి ఒకే రోజు బి.పి. 5, 10 పాయింట్లు అటూ ఇటూ కావడం మామూలే అని కూడా దానికి తెలియదు.

ఆసుపత్రి చార్టులో స్కేలు ఎందుకు మారదు?

వార్డులో మంచం దగ్గర ఉండే జ్వరం చార్టు గుర్తుందా? జర్మనీ వైద్యుడు ఉండర్లిష్ 1868లో శరీర ఉష్ణోగ్రత మీద ప్రచురించిన గ్రంథం తరువాత అలాంటి చార్టులు ఆసుపత్రులలో బాగా వ్యాపించాయి. ఆ కాగితం మీద స్కేలు ముందే అచ్చువేసి ఉంటుంది. అందుచేత నిన్నటి గీతను నేటి గీతతో, ఒక రోగి చార్టును మరొక రోగి చార్టుతో పోల్చవచ్చు. అంగన్‌వాడీలో పిల్లల బరువు గుర్తించే కార్డు కూడా అలాంటిదే. ఇంటి గ్రాఫుకూ ఈ పద్ధతే మంచిది. ఒక స్కేలు నిర్ణయించుకుని ప్రతి నెలా అదే వాడాలి.

ఎక్సెల్‌లో స్కేలు పెట్టే విధానం

1. గ్రాఫులో ఎడమవైపు ఉన్న నిలువు అంకెల మీద మౌసుతో కుడి క్లిక్ చేయండి. "ఫార్మాట్ యాక్సిస్" ఎంచుకోండి.

2. "బౌండ్స్" అనే చోట "మినిమమ్" దగ్గర 40, "మాగ్జిమమ్" దగ్గర 220 టైపు చేయండి. పై బి.పి., కింది బి.పి. రెండూ ఇందులో ఇముడుతాయి.

3. "యూనిట్స్" కింద "మేజర్" దగ్గర 20 వేయండి. 40, 60, 80 అని వరుసగా అంకెలు వస్తాయి.

4. అంకెల పట్టికలో మరో రెండు వరుసలు చేర్చి, ఒకదానిలో అన్ని రోజులకూ 135, రెండవదానిలో 85 రాయండి. గ్రాఫులో రెండు అడ్డగీతలు వస్తాయి. ఇంట్లో చూసుకున్న బి.పి. సగటు 135/85 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే సాధారణంగా ఎక్కువగా ఉన్నట్లు లెక్క. మీ డాక్టరు మీకు వేరే అంకె చెప్పి ఉంటే అదే రాయండి.

గూగుల్ షీట్స్ వాడేవారు గ్రాఫు మీద రెండుసార్లు క్లిక్ చేసి, "కస్టమైజ్"లో "వర్టికల్ యాక్సిస్" తెరిస్తే కనిష్ఠ, గరిష్ఠ అంకెలు వేసే చోటు కనబడుతుంది.

ఒక హెచ్చరిక: గరిష్ఠ అంకెను మరీ తక్కువగా పెట్టకండి. 180 అని పెడితే, 190 వచ్చిన రోజు ఆ చుక్క గ్రాఫు దాటిపోయి కనబడదు. అన్నిటికంటే ముఖ్యంగా చూడవలసిన రోజే కనబడకుండా పోతుంది. బి.పి. 180/120 దాటి, ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం, కాలూచేయీ పట్టు తప్పడం వంటివి ఉంటే గ్రాఫు సంగతి వదిలి వెంటనే ఆసుపత్రికి రండి.

అన్నిటికీ సున్నా నుండి మొదలుపెడితే సరిపోదా?

సరిపోదు. గుండె బలహీనంగా ఉన్నవారిని రోజూ బరువు చూసుకోమని డాక్టర్లు చెబుతారు. మూడు రోజులలో 2 కిలోలకు పైగా పెరిగితే ఒంట్లో నీరు చేరుతున్నదేమో అని అనుమానించాలి. 62 కిలోల మనిషి 64.2 కిలోలు అయ్యాడనుకోండి. 0 నుండి 100 వరకు స్కేలు పెడితే 9 సెం.మీ. గ్రాఫులో అది 2 మిల్లీమీటర్లే. ఎవరూ గమనించరు. 58 నుండి 68 వరకు పెడితే అదే 2 సెంటీమీటర్లు. కాబట్టి శరీరానికి ఎంత తేడా ముఖ్యమో, ఆ తేడా కంటికి ఆనేలా స్కేలు ఉండాలి. ఆ తేడా ఎంతో మీ డాక్టరును అడిగి తెలుసుకోండి.

తేదీల సంగతి

కింది అక్షం కూడా చూడండి. తేదీలను 12.6.2024 అని చుక్కలతో రాస్తే చాలాసార్లు ఎక్సెల్ వాటిని తేదీలుగా గుర్తించదు. అప్పుడు ఒక రోజు తేడాకూ, పది రోజుల తేడాకూ ఒకే దూరం వేస్తుంది. 12-6-2024 అని రాసి, అది తేదీగానే చేరిందో లేదో సరిచూసుకోండి.

ఇంట్లో చేసి చూడండి

కంప్యూటరు లేకపోయినా ఫరవాలేదు. పిల్లల గ్రాఫు పేపరు ఒకటి తీసుకుని, పైన ఇచ్చిన ఏడు అంకెలను 125-140 స్కేలుతో ఒకసారి, 40-220 స్కేలుతో ఒకసారి గీయండి. రెండిటినీ పక్కపక్కన పెట్టి ఇంట్లోవారికి చూపి, "ఈ ఇద్దరిలో ఎవరికి బి.పి. బాగా తగ్గింది?" అని అడగండి. తరువాత రెండూ ఒకరివే అని చెప్పండి.

గుర్తుంచుకోవలసినవి

- ముందు పక్కనున్న అంకెలు చదవండి, ఆ తరువాతే గీత చూడండి.
- నెల నెలా స్కేలు మార్చకండి.
- గ్రాఫుతోపాటు అంకెలు రాసిన నోటుపుస్తకం కూడా డాక్టరుకు చూపండి.
- గ్రాఫు చూసి మాత్రలు మీ అంతట మీరు మానవద్దు, తగ్గించవద్దు, పెంచవద్దు. మాత్ర వేసుకుంటున్నందువల్లనే ఆ గీత దిగి ఉండవచ్చు.