ప్రాగ్ నగరంలో ఒక తెలుగు స్వామి చదువు

విదేశాల్లో చదువు అనగానే మనలో చాలామంది వీసా గురించీ స్కాలర్‌షిప్ గురించీ అడుగుతారు. చేరిన మర్నాడు ల్యాబులో చేతికి ఏ పని ఇస్తారో అడిగేవాళ్ళు తక్కువ. దానికి జవాబు మన వాల్తేరులోనే దొరుకుతుంది. మన యూనివర్శిటీలో అణు పరిశోధనశాలకు స్వామి జ్ఞానానంద పేరు పెట్టారు గదా, ఆయన సైన్సు విద్యార్థిగా డాక్టరేటు చేసింది ఐరోపాలోని పాత నగరం ప్రాగ్‌లో.

అసలు పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. 1896లో భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టారు. ఇల్లు విడిచి, హిమాలయాల్లో యోగసాధన చేసి, 1927లో తన గ్రంథం అచ్చు వేయించడానికి జర్మనీ వెళ్ళారు. వెళ్ళింది ఒక పనికి, పట్టుకున్నది ఇంకొకటి. డ్రెస్డెన్‌లో సాపేక్ష సిద్ధాంతం ఆయన్ని భౌతికశాస్త్రంలోకి లాగింది. ముప్పై దాటిన సన్యాసి మళ్ళీ విద్యార్థి అయ్యాడు! సప్లిమెంటరీ వస్తే వయసైపోయిందని దిగులుపడే మిత్రులు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి.

ప్రాగ్‌లో ఛార్లెస్ విశ్వవిద్యాలయం 1348లో పుట్టింది. మన దేశంలో అది రెడ్డిరాజుల కాలం. 1882లో అది చెక్ భాషకు ఒకటి, జర్మన్ భాషకు ఒకటిగా రెండు ముక్కలైంది. ఐన్‌స్టీన్ 1911-12లో పాఠం చెప్పింది జర్మన్ వైపున. జ్ఞానానంద గురువు ప్రొఫెసర్ డోలెయ్‌షెక్ చెక్ వైపువారు, ఎక్స్‌రే స్పెక్ట్రాలలో ఆరితేరినవారు. డ్రెస్డెన్‌లో జర్మన్, ప్రాగ్ వీధుల్లో చెక్, ఇంటి దగ్గర గోదావరి తెలుగు. తెలుగు మీడియం నుంచి వచ్చి ఇంగ్లీషు లెక్చరు ముందు బిక్కమొగం వేసే మన అవస్థ ఆ ముందర ఏపాటి?

అయితే ల్యాబులో భాష కంటే ముందు గాలితో పేచీ. ఎక్స్‌రేలను స్ఫటికం మీద పడనిస్తే, అందులోని పరమాణువుల వరసలు ఒక్కొక్క తరంగదైర్ఘ్యాన్ని ఒక్కొక్క కోణంలో విడదీస్తాయి. ఫిల్ము మీద గీతలు పడతాయి, ఆ గీతల్ని బట్టి మూలకం తెలుస్తుంది. కాని తరంగదైర్ఘ్యం ఎక్కువైన మెత్తని ఎక్స్‌రేలను గాలే మింగేస్తుంది. అందుకని స్ఫటికం, ఫిల్ము అన్నీ ఒక పెట్టెలో పెట్టి గాలి తీసెయ్యాలి. అనగా, మెత్తని ఎక్స్‌రేల జోలికి పోయేవాడు ముందు శూన్యం చెయ్యడం నేర్చుకోవాలి.

ఇక్కడ మా రైతుబిడ్డలకు కాస్త సులువు. పెందుర్తిలో మా నూతి మోటారు నీళ్ళు ఎత్తకపోతే మా నాన్న "గాలి లాగేస్తందిరా" అంటాడు. పేడనీళ్ళు పోసి, జాయింటుకి గుడ్డ చుట్టి, ఎక్కడ చీలిందో చేత్తో తడుముతాడు. పంపు నీటిని గుంజదు. గొట్టంలో గాలి తగ్గితే బయటి గాలి నీటిని పైకి తోస్తుంది. ఆ తోపు 34 అడుగులకు మించదు, అదే 760 మిల్లీమీటర్ల పాదరసం. అందుకే నుయ్యి లోతైతే మోటారును కిందకి దింపి బిగిస్తారు.

ల్యాబులో ఇదే పని కోట్ల రెట్లు చెయ్యాలి. ముందు రోటరీ పంపు పెద్ద గాలిని తోడుతుంది. మిగిలిన దాన్ని డిఫ్యూజన్ పంపులో వేడెక్కిన పాదరసం ఆవిరో నూనె ఆవిరో ఈడ్చుకుపోతుంది. రోటరీ పంపు తోడు లేకుండా అది పనిచెయ్యదు. పీడనం మిల్లీమీటర్లో లక్షో వంతుకు దిగితే, ఒక అణువు ఇంకోదాన్ని ఢీకొనకుండా సుమారు 5 మీటర్లు పోగలదు. అప్పటికీ ఒక్క ఘన సెంటీమీటరులో ముప్పైవేల కోట్లకు పైగా అణువులు ఉంటాయి. మనం శూన్యం అనేది ఇదన్నమాట. శూన్యం గురించి ధ్యానించిన యోగి ఈ అంకె చూసి ఏమనుకున్నారో గాని, నాకైతే నవ్వొచ్చింది.

ఒక్క సూదిమొన రంధ్రం ఉంటే రోజంతా పంపు తిరిగినా గేజి దిగదు. గాజు గొట్టాల మీద టెస్లా కాయిల్ నడిపితే మెరుపు ఆ రంధ్రం దగ్గరికే పరుగెడుతుంది. అక్కడ మైనం పూస్తారు. మా నాన్న గుడ్డకీ ఈ మైనానికీ తేడా తక్కువే.

1936లో ఆయనకు ప్రాగ్‌లో డాక్టరేటు వచ్చింది. అక్కణ్ణించి లివర్‌పూల్‌లో ఛాడ్విక్ దగ్గరికి, తరువాత అమెరికాలో మిషిగన్‌కి వెళ్ళారు. ప్రాగ్‌లో 1939 నవంబరులో హిట్లరు మనుషులు చెక్ విశ్వవిద్యాలయాలను మూసేశారు. డోలెయ్‌షెక్‌గారు 1945లో నాజీల టెరెజిన్ చెరలో చనిపోయారు. యుద్ధం ముగిశాక, 1947లో, జ్ఞానానందగారి ఇంగ్లీషు పుస్తకం 'హై వాక్యువా' అమెరికాలో వెలువడింది. అది యోగం గురించి కాదు. శూన్యాన్ని చెయ్యడం, కొలవడం గురించి. 1950లలో ఆయన వాల్తేరు వచ్చి అణు భౌతికశాస్త్ర విభాగాన్ని నిలబెట్టారు. 1969లో కన్నుమూశారు.