తెర పెట్టారు సరే, పీరియడ్ ఎలా నడపాలి?

2024 తెలంగాణ డీఎస్సీలోనో 2025 ఆంధ్రా మెగా డీఎస్సీలోనో ఎంపికై బడిలో అడుగుపెట్టినవాళ్లలో చాలామందికి క్లాసులో పెద్ద తెర కనిపించి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో నాడు-నేడు కింద హైస్కూళ్లకు ఐఎఫ్‌పీలు (ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు) వచ్చాయి. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ ట్యాబులు పంచారు. టైమ్‌టేబుల్ మాత్రం దాదాపు పాతదే, టెన్త్ ర్యాంకుల యావా పాతదే. ఈ కొత్త తెరకూ ఆ పాత పద్ధతికీ మధ్య నలిగేది మీరే. అందుకే ఈ నాలుగు మాటలు.

తెర వెలిగించే ముందు పిల్లలు ఎక్కడున్నారో చూసుకోండి. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌ మీద ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ బృందం చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లోనూ హిందీలోనూ పిల్లలు బాగా ముందుకొచ్చారు. ఆ సాఫ్ట్‌వేర్ ఒక్కో పిల్లవాడికి వాడి స్థాయికి తగిన ప్రశ్నలే ఇచ్చేది, తరగతి ఏదైనా సరే. పెరూలో ఇందుకు భిన్నంగా జరిగింది. అక్కడ పిల్లల చేతికి ల్యాప్‌టాప్‌లు ఇచ్చారు కానీ పాఠం చెప్పే తీరు మార్చలేదు. లెక్కల్లో, భాషలో చెప్పుకోదగ్గ ఫలితమేమీ రాలేదని 2012 నాటి అధ్యయనం తేల్చింది.

మీ గదిలో మైండ్‌స్పార్క్ ఉండకపోవచ్చు. పిల్లల స్థాయి కనిపెట్టే పని చేతితోనూ చేయొచ్చు. మొదటి వారంలో ఒక్కొక్కరినీ పిలిచి రెండో తరగతి పేరా ఒకటి చదివించండి, ఒక తీసివేత, ఒక భాగహారం చేయించండి. ఎనిమిదో తరగతిలోనూ భాగహారం దగ్గర ఆగిపోయేవాళ్లు కనిపిస్తారు. వాళ్ల మీద విసుక్కోవద్దు, కింది తరగతుల్లో పడ్డ గుంత అది. పిల్లల్ని మూడు గుంపులు చేయండి. ఒక గుంపు ట్యాబ్ దగ్గర, ఒకటి నోట్‌బుక్‌తో, బాగా వెనకబడినవాళ్లు మీ దగ్గర. రోజూ కుదరదు, సిలబస్ తరుముతుంది. వారానికి రెండు పీరియడ్లు కుదిరినా చాలా మేలు.

ఇక ప్యానెల్ సంగతి. బోర్డు మీద చూపలేనివాటికే దాన్ని వాడండి: గుండెలో రక్తం తిరిగే తీరు, గ్రహణం, జియోజెబ్రా యాప్‌లో వాలు మారుస్తుంటే గీత ఒరిగే తీరు. లెక్క చేయడం మాత్రం సుద్దముక్కతోనే, అదీ పిల్లవాడి చేతే. వీడియో పెట్టి రిజిస్టర్లు రాసుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. అది పాఠం కాదు, కాలక్షేపం. రెండు నిమిషాలకోసారి ఆపి, తర్వాత ఏం జరుగుతుందో అడగండి. దీక్షా యాప్‌లోని పాఠాలు ముందు రోజే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే నెట్ లేకపోయినా నడుస్తాయి.

ఇంటి దగ్గర ఫోన్‌ను నమ్ముకుని హోంవర్క్ ఇవ్వకండి. 2024 అసర్ సర్వే ప్రకారం పల్లెల్లో స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చిన 14-16 ఏళ్ల పిల్లల్లో అంతకు ముందు వారం చదువు కోసం ఫోన్ వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియా చూసినవాళ్లు 76 శాతం. ‘ఫోన్‌లో చూసి చదువు’ అంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఒకే వీడియో, దాని మీద మూడు ప్రశ్నలు, జవాబులు నోట్‌బుక్‌లో. అంతకు మించొద్దు.

అన్నిటికన్నా పెద్ద గోల యాప్‌లది. హాజరు యాప్, మధ్యాహ్న భోజనం ఫొటోలు, అడిగినప్పుడల్లా అప్‌లోడ్లు. స్టాఫ్ రూమ్‌లో గొణిగితే ఏమీ కదలదు. ఒక వారం పాటు ఏ యాప్‌కు ఎన్ని నిమిషాలు పోయాయో, అవి ఏ పీరియడ్‌లోవో రాసుకోండి. సహోద్యోగులతోనూ రాయించండి. ఆ కాగితం కాంప్లెక్స్ మీటింగ్‌లో పెట్టి, హెచ్‌ఎం ద్వారా ఎంఈవోకు పంపండి. బోధనతో నేరుగా సంబంధం లేని పనులు టీచర్లకు అప్పగించకూడదని 2020 జాతీయ విద్యావిధానమే అంటోంది. అందులోనే ఏటా కనీసం 50 గంటల శిక్షణ, అదీ టీచరు ఆసక్తిని బట్టి, అని కూడా ఉంది. శిక్షణకు పేర్లడిగినప్పుడు ఆ మాట గుర్తుచేసి, బటన్లు నొక్కడం నేర్పే కోర్సు కాకుండా చదవడం రాని పిల్లలకు నేర్పే కోర్సు కోరండి.

చివరగా ఓ చిన్న పని. ప్యానెల్ సీరియల్ నంబరు, వారంటీ తేదీ, రిపేరుకు ఎవరికి ఫోన్ చేయాలో రాసి బీరువా తలుపు లోపల అతికించండి.