ముందు తేదీలు రాసుకో

అంబర్‌పేట

మనవరాలికి,

క్యాంపస్‌లో మూట్ కోర్టుకి నీకిచ్చిన ప్రశ్న చదివాను. అమెరికాలో పుట్టిన పిల్లల్ని తల్లి హైదరాబాద్ తీసుకొచ్చేసింది. తండ్రి అక్కడి కోర్టు ఆర్డరు పట్టుకొచ్చాడు. నువ్వప్పుడే తల్లి పక్షం తీసేసుకున్నావు. తొందరపడకమ్మా. ముందు తేదీలు రాసుకో. ఎప్పుడొచ్చారు, ఎన్నాళ్లకు కోర్టుకెక్కారు, ఈలోగా పిల్లలు ఏ బడికెళ్లారు?

2009 నవంబరు నాటి సుప్రీంకోర్టు తీర్పు తియ్యి. ఆ దంపతుల పెళ్లి తిరుపతిలో జరిగింది. బాబుకు ఐదేళ్లు నిండబోతుండగా, 2007 జూన్‌లో, తల్లి అమెరికా నుంచి ఇండియాకు తెచ్చేసింది. తండ్రి హెబియస్ కార్పస్ వేశాడు. చివరికి సీబీఐ వెతికితే చెన్నైలో దొరికారు, రెండేళ్లు దాటాక. ఇన్నాళ్లూ ఇక్కడే పెరిగాడు కదా అంటే కోర్టు ఒప్పుకోలేదు. ఊళ్లూ బళ్లూ మారుస్తూ తిప్పిన పిల్లాడు ఇక్కడ కుదురుకున్నాడని ఎలా అంటాం? అమెరికాకు తీసుకెళ్లమంది. తల్లే వెంట వెళ్లాలనీ, దారిఖర్చులూ అక్కడ ఆమె ఉండే ఏర్పాటూ తండ్రే చూడాలనీ, ఆమెపై క్రిమినల్ కేసులు నడపకూడదనీ షరతులు పెట్టింది. ఆ షరతుల పేరా రెండుసార్లు చదువు. తీర్పులో నాకు అన్నిటికన్నా విలువైన భాగం అదే.

2017 జూలైలో అదే కోర్టు, బ్రిటన్ నుంచి వచ్చిన గుండెజబ్బున్న పాపను తల్లి దగ్గరే ఉండనిచ్చింది. విదేశీ ఆర్డరును లెక్కలోకి తీసుకుంటాం గానీ, పిల్లల క్షేమమే అన్నిటికంటే ముందు అంది. 2019 మార్చిలో మన హైదరాబాద్ కేసు. పెన్సిల్వేనియా కోర్టుకు తానే ముందు వెళ్లిన తల్లి, ఇక్కడికొచ్చిన కొద్ది వారాలకే ఫ్యామిలీ కోర్టులో గార్డియన్ పిటిషన్ వేసింది. 1890 నాటి గార్డియన్ చట్టం, సెక్షన్ 9 ప్రకారం పిల్లలు మామూలుగా ఉండే చోటు అమెరికాయే అని తేలింది.

ఇలా తీసుకొచ్చేసిన పిల్లల్ని తిరిగి పంపాలనే 1980 నాటి హేగ్ ఒప్పందంలో మన దేశం చేరలేదు. దెబ్బలు తిని పారిపోయొచ్చిన ఆడపిల్లల్ని మళ్లీ అక్కడికే తోసేస్తుందేమోనన్న భయం ఉంది, అది నిజమైన భయమే. అలాంటి తల్లి తరఫున నేనూ వాదించాను. తార్నాకలో వాళ్లమ్మ, మనవడి పాస్‌పోర్టును పాలిథిన్ కవర్లో చుట్టి బియ్యం డబ్బాలో దాచింది. బయటకు తీసినప్పుడు నీలం అట్ట నిండా తవుడు. పిల్లాడు చొక్కా అంచుతో తుడిచి, తన ఫొటో చూసుకుని, "స్కూల్ ఎప్పుడు?" అని అడిగాడు. దాచిపెట్టడం వల్ల ఆ తల్లి కేసు బలహీనపడింది. దెబ్బల సంగతి మొదటి వారంలోనే కోర్టుకు చెప్పుకుని ఉంటే వినేవాళ్లు.

నీ వాదన మొదటి పేజీలోనే తేదీల పట్టిక పెట్టు. పిల్లల వయసు ఏళ్లలో కాదు, నెలల్లో రాయి. ఆదివారం కాగితాలు తీసుకుని రా, కూర్చుందాం.

మీ తాతయ్య