మిర్చి తెగిన ధర ఎంత? ఇంటికి మిగిలింది ఎంత?

గుంటూరు మిర్చి యార్డు నుంచి తిరిగివచ్చిన రైతును ఊళ్లో ఎదురుపడ్డవారు మొదట అడిగే మాట ఒక్కటే: “ఏం బాబాయ్, కాయ ఎంతకు తెగింది?” ఎంత మిగిలిందని అడిగేవారు అరుదు. మార్చిలో పన్నెండు వేలకు అమ్మినవాడు తొందరపడ్డాడని, నవంబరు దాకా ఆగి పద్నాలుగు వేలకు అమ్మినవాడు గట్టివాడని పేరు పడుతుంది. ఆ పేరు నిజమో కాదో కాగితం మీద లెక్క వేస్తేగాని తేలదు.

ఒక రైతు దగ్గర 100 క్వింటాళ్ల ఎండు మిర్చి ఉందనుకుందాం. మార్చిలో సగటు ధర క్వింటాలుకు రు. 12,000. అంటే సరుకు విలువ రు. 12 లక్షలు. కౌలుకు, మందులకు, కూలీలకు తెచ్చిన అప్పు రు. 8 లక్షలు, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. ధర పెరుగుతుందన్న ఆశతో సరుకంతా ఎనిమిది నెలలు కోల్డ్ స్టోరేజీలో పెట్టాడు.

టిక్కీకి 40 కిలోల చొప్పున 250 టిక్కీలు. టిక్కీకి అద్దె, బీమా కలిపి రు. 200, రవాణా, హమాలీ, కాటా ఖర్చులు రు. 60 వేసుకుంటే మొత్తం రు. 65,000. (ఈ రేట్లు ఊరిని బట్టి, సీజనును బట్టి మారతాయి. ఎవరి రసీదులోని అంకె వారు వేసుకోవాలి.) తరుగు 2 క్వింటాళ్లు అనుకుందాం. అసలు బరువంతా వడ్డీది. రెండు రూపాయల వడ్డీ చెవికి చిన్నదిగానే వినిపిస్తుంది గాని, ఏడాదికి అది నూటికి 24. ఎనిమిది లక్షల మీద నెలకు రు. 16,000, ఎనిమిది నెలలకు రు. 1,28,000. అద్దెకు పైసా పైసా బేరమాడే రైతు, అద్దెకు రెండింతలకు పైగా ఉన్న ఈ వడ్డీని నిల్వ ఖర్చులో చేర్చడమే మరచిపోతాడు.

నవంబరులో పద్నాలుగు వేలకు తెగింది. 98 క్వింటాళ్లకు రు. 13,72,000. అందులో నిల్వ ఖర్చు, వడ్డీ కలిపి రు. 1,93,000 పోగా రు. 11,79,000. మార్చిలోనే అమ్మి ఉంటే వచ్చేది రు. 12 లక్షలు. రెండు వేలు ఎక్కువ ధరకు అమ్మిన రైతు నిజానికి రు. 21,000 నష్టపోయాడు. మార్చిలో అప్పు తీర్చి, మిగిలిన నాలుగు లక్షలు బ్యాంకులో వేసుకుంటే వచ్చే వడ్డీ ఈ లెక్కలో చేర్చనే లేదు. ఈ రైతుకు ధర రు. 14,214 దాటితేగాని ఆగినందుకు ఒక్క రూపాయి కూడా కలిసిరాదు.

అలాగని కళ్లం మీదనే అంతా తెగనమ్ముకోవాలని కాదు. కోల్డ్ స్టోరేజీలో కాయ రంగు నిలుస్తుంది. యార్డుకు సరుకు వెల్లువగా వచ్చే రోజుల్లో అమ్మవలసిన అగత్యం తప్పుతుంది. చూడవలసింది ఏ సరుకు ఎవరి డబ్బుతో ఆగుతున్నదన్న సంగతి. అదే రైతు మార్చిలో 68 క్వింటాళ్లు అమ్మితే రు. 8,16,000 వస్తుంది. అప్పు తీరి రు. 16,000 చేతిలో ఉంటుంది. మిగిలిన 32 క్వింటాళ్లు, అంటే 80 టిక్కీలు, నిల్వ పెడితే ఖర్చు రు. 20,800 మాత్రమే. తరుగు అదే దామాషాలో వేసుకున్నా, ధర సుమారు రు. 12,910 దాటితే చాలు, ఆగడం గిట్టుబాటవుతుంది. వడ్డీ భారం లేని సరుకుకు ఓపిక ఎక్కువ.

నవంబరు ధర పద్నాలుగు వేలే అయితే, సరుకంతా ఆపిన రైతుకు అప్పు పోగా రు. 3,79,000 మిగులుతుంది. కొంత అమ్మి కొంత ఆపిన రైతుకు రు. 4,34,240. ధర పద్దెనిమిది వేలకు పోతే మాత్రం మొదటి పద్ధతిదే పైచేయి. రెండు లక్షల పైచిలుకు ఎక్కువ వస్తుంది. ఊరంతా చెప్పుకునేది అలాంటి ఏడాది గురించే. ధర తొమ్మిది వేలకు దిగితే? సరుకంతా ఆపినవాడికి ఖర్చులు, వడ్డీ పోగా రు. 6,89,000 వస్తుంది. అప్పు అసలుకే ఇంకా రు. 1,11,000 చాలదు. ఏడాది పంట మొత్తం అమ్మి, బాకీ మిగుల్చుకుని ఇంటికి రావాలి. రెండోవాడికి అప్పు ఎప్పుడో తీరిపోయింది, చేతిలో రు. 2,77,440 ఉంటుంది. పిల్లల కాలేజీ ఫీజుకు, వచ్చే ఏటి విత్తనానికి మళ్లీ చేయి చాపనక్కరలేదు.

ధర దిగడం కేవలం ఊహ కాదు. 2016లో మంచి ధరలు చూసి సాగు పెంచిన రైతులు 2017 వేసవిలో ఏమి చూశారో మరచిపోయేది కాదు. ఆ మే నెలలో కేంద్రం క్వింటాలుకు రు. 5,000 చొప్పున మార్కెట్ జోక్యం పథకం ప్రకటించవలసి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ మిర్చికి అదే పథకం కింద రు. 11,781 ధర నిర్ణయించారు. అంతకు రెండు మూడేళ్ల ముందు మేలు రకం కాయకు ఇరవై వేల పైన పలికిన మార్కెట్టే ఇది.

బయటి అప్పు బదులు కోల్డ్ స్టోరేజీ బాండు మీద బ్యాంకు రుణం తీసుకుంటే లెక్క మారుతుంది. ఏడాదికి నూటికి 10 వడ్డీ అయితే, సరుకంతా ఆపినా రు. 13,452 దగ్గర గిట్టుబాటవుతుంది. అయితే ధర దిగినప్పుడు బ్యాంకు ఊరుకోదు, మార్జిను కట్టమంటుంది. అప్పిచ్చిన కమీషను వ్యాపారి కొట్టుకే సరుకు వేయాలన్న షరతు ఉన్నచోట, వేరేచోట పలికే ధర చూసి మురిసిపోవడం దండగ.

పొరుగువాడి ధరతో పోల్చుకునేటప్పుడు మరొక జాగ్రత్త అవసరం. పత్రికల్లో పడే గరిష్ఠ ధర ఆ రోజు వచ్చిన మేలైన లాట్లది. ఒకే చేనులో మొదటి కోత కాయ వేరు, చివరి కోత వేరు. తాలు కాయ ధర ఇంకా తక్కువ. ఇరవై టిక్కీలు గరిష్ఠ ధరకు అమ్మినవాడు ఆ ధరే చెబుతాడు గాని, తాలు ఎంతకు పోయిందో చెప్పడు. పైన వేసిన పన్నెండు వేలు మంచి చెడు కలిపిన సగటు. ఎవరి లెక్కకైనా ఆ సగటునే తీసుకోవాలి.

నిల్వకు గడువు కూడా ముందే పెట్టుకోవడం మంచిది. వేసవి సెలవుల తరువాత యార్డు తెరిచినది మొదలు కోల్డ్ స్టోరేజీ సరుకు రాక సాగుతుంది. సంక్రాంతి నాటికి కొత్త కాయ కనిపించడం మొదలవుతుంది. కొనుగోలుదారుల చూపు దానిమీదికి మళ్లుతుంది. అప్పటికీ కదలని పాత సరుకుకు నిల్వ కాలం పెరిగేకొద్దీ ఖర్చు పెరుగుతుంది. దసరా నాటికి సగం, డిసెంబరు లోపల మిగతా సగం అని బాండు వెనుక రాసిపెట్టుకుని, ఆ తేదీలకు ఉన్న ధరకు అమ్మే రైతులున్నారు. వాళ్లకు ఏ ఏడాదీ అన్నిటికన్నా ఎక్కువ ధర పడదు. అప్పుకోసం మాత్రం ఏ ఏడాదీ వారి గుమ్మం ముందుకు ఎవరూ రారు.